నత్తి: దాని తీవ్రతను తెలిసికొను విధానము

పంచాయతీ పాలనము మాటతో నడచునది. గ్రామసభలో ప్రశ్న వేయవలెనన్నను, వీధి కుళాయికి నీరు వచ్చుటలేదని విన్నవింపవలెనన్నను, పొలము గట్టు తగవులో సాక్ష్యము చెప్పవలెనన్నను నోరు విప్పక తప్పదు. ఎన్నికైన సభ్యుడు తొలినాడే పదిమంది యెదుట ప్రమాణ వాక్యమును పైకి చదువవలసియున్నది. మాట గొంతులో నిలిచిపోవు మనిషికి ఇట్టి వ్యవస్థలో స్థానమెక్కడ? సభకు వచ్చి వెనుక వరుసలో కూర్చుండి, చెప్పవలసినది చెప్పకయే లేచిపోవువారిని మనము చూచుచునే యున్నాము. వారికి చెప్పుటకేమియు లేదని తలచుచున్నాము.

నత్తి అరుదైనది కాదు. పెద్దలలో నూటికి సుమారొకరికి, లేదా అంతకు కొంచెము తక్కువమందికి, నత్తి యుండునని వివిధ దేశముల లెక్కలు తెలుపుచున్నవి. ఈ లెక్కన రెండువేలమంది పెద్దలుండు గ్రామములో ఇరువదిమంది వరకు నుండవచ్చును. కోయిలకుంట్ల నల్లరేగడి నేలలలో జొన్నయు శనగయు పండించు ప్రతి పల్లెలోను ఇట్టివారు కొందరుందురు. వారి యవస్థ యెంతటిదో తెలియకున్నచో సాయము చేయుట యసాధ్యము. అందుచేత నత్తి యనగానేమో, దాని తీవ్రతను నిపుణులెట్లు నిర్ణయింతురో, అందు పంచాయతీ సభ్యులు చేయదగినదేమో ఈ పాఠములో వివరింప దలచితిమి.

నత్తి యనగానేమి?

తెలుగులో 'నత్తి' యను మాటను మనము పలు దోషములకు వాడుచున్నాము. 'రాముడు' అనుటకు 'లాముడు' అను బాలుని చూచి నత్తి యందుము. అది నిజమునకు ఉచ్చారణ దోషము. అంగిలి చీలి పుట్టినవాడు ముక్కుతో పలికినచో దానిని నంగి యనవలెను గాని నత్తి యనరాదు. వినికిడి లోపముచే మాట రానివారి సంగతి వేరు. మన ప్రాచీన వైద్యులు సైతము ఈ భేదమును గమనించిరి. ఆయుర్వేద గ్రంథములలో మూకము, మిన్మినము, గద్గదము అని మాటకు సంబంధించిన దోషములను వేరువేరుగా పేర్కొనిరి. పేరు సరిగా పెట్టనిదే చికిత్సయు సరిగా కుదురదు.

అసలైన నత్తిలో మనిషికి తాను చెప్పవలసిన మాట స్పష్టముగా తెలియును. భాష వచ్చును, తెలివి యుండును, నాలుకకు పెదవులకు బలముండును. అయినను మాట ప్రవాహము తెగిపోవును. అది మూడు విధములుగా తెగును.

మొదటిది పునరుక్తి. 'కోయిలకుంట్ల' యనబోయి 'కో-కో-కో-కోయిలకుంట్ల' యనుట. రెండవది సాగదీత. 'సంజామల' యనబోయి మొదటి సకారమును విడువలేక 'స్స్స్సంజామల' యనుట. మూడవది స్తంభనము. 'బనగానపల్లె' యనబోగా పెదవులు రెండును మూసికొని, లోని గాలి వెలికి రాక, ధ్వనియే పుట్టకుండుట. ఈ మూడింటిలో స్తంభనము వినువారికి కానరాదు, మాటాడువానికి మాత్రము మిక్కిలి కష్టమైనది. బయటివారు 'వీడు జవాబు చెప్పుట లేదు' అని యనుకొందురు. వాడు జవాబు చెప్పుటకు సర్వశక్తులు ఒడ్డుచుండును.

అందరి మాటలోను తడబాటు కొంత యుండును. 'అదేమంటే... మరి...' యని ఆగుట, వాక్యము మధ్యలో మార్చుకొనుట, 'నిన్న సంతకు, నిన్న సంతకు పోతిని' అని పదసమూహమును తిరిగి పలుకుట, ఇవి ఆలోచన వెదకుకొనుటలో పుట్టునవి. వీనిని నత్తి యనరాదు. మరియు మన భాషలో జంట పదములు మెండు. మెల్లమెల్లగా, చకచక, గలగల, ఊరూర అని పలుకుట భాషా సహజము. లెక్కించువారు వీనిని నత్తిలో చేర్చరాదు.

ఎప్పుడు పుట్టును? ఎందుకు పుట్టును?

నత్తి సాధారణముగా రెండేండ్లకు అయిదేండ్లకు నడుమ, పిల్లలు చిన్న వాక్యములు కూర్చుట నేర్చు కాలమున, ప్రారంభమగును. నూరుగురు పిల్లలలో అయిదుగురో అంతకు కొంచెము మించియో ఏదో యొక దశలో నత్తిగా మాటాడుదురు. వారిలో నూటికి డెబ్బదియైదు మొదలు ఎనుబదిమంది వరకు క్రమముగా దానినుండి బయటపడుదురు. ఆరంభమున బాలురకు బాలికలకు సంఖ్యలో పెద్ద భేదముండదు. కాని బాలికలలో ఎక్కువమంది కోలుకొందురు. అందుచే పెద్దలలో నలుగురు పురుషులకు ఒక స్త్రీ చొప్పున నత్తి గలవారుందురు.

ఎవరి నత్తి నిలిచిపోవునో ముందుగా నిశ్చయించి చెప్పుట కష్టము. అయినను కొన్ని సూచనలు గలవు. కుటుంబములో పెద్దయైన పిదప కూడ నత్తి మానని వారుండుట, బిడ్డ మగవాడగుట, మూడున్నర యేండ్లు దాటిన పిమ్మట నత్తి మొదలగుట, ఆరు మాసములు లేక సంవత్సరము గడచినను తగ్గకుండుట, ఉచ్చారణలో వేరొక దోషము కూడ నుండుట, ఇవి ఆలస్యము చేయరాదని తెలుపు గుర్తులు.

కారణమును గూర్చి నేటి శాస్త్రము చెప్పునది స్పష్టము. నత్తి మెదడులో మాటకు వలసిన కదలికలను కాలానుగుణముగా పేర్చు యేర్పాటులోని భేదమువలన కలుగును. అందు వంశపారంపర్యమునకు పెద్ద పాత్ర గలదు. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రజ్ఞులు పాకిస్తాన్ దేశములోని కుటుంబములను మొదలుగా పరిశీలించి, నత్తితో సంబంధముగల మూడు జన్యువులను గుర్తించిరి. అవి నత్తి గలవారిలో కొద్దిమందికి మాత్రమే వర్తించును. అయినను ఇది శరీర ధర్మమునకు సంబంధించిన విషయమేగాని పెంపకపు లోపము కాదని నిరూపించుటకు అవి చాలును. భయపడుటచే నత్తి పుట్టదు. ఎడమచేతివాటము మాన్పించుటచే పుట్టదు. నత్తివానిని అనుకరించుటచే అంటుకొనదు. భయము, తొందర, అలసట యున్న నత్తిని కొంతసేపు పెంచగలవు. పుట్టింపలేవు.

నాలుకపై చేసిన ప్రయోగములు

కారణము తెలియని కాలమున మనుష్యులు తప్పంతయు నాలుకపై మోపిరి. గ్రీకు వక్త డెమాస్తనీసు నోటిలో గులకరాళ్లు పెట్టుకొని మాటాడుట అభ్యసించెనని ప్రసిద్ధి. 1841లో ప్రష్యాదేశపు శస్త్రవైద్యుడు డీఫెన్‌బాఖ్ నత్తి మాన్పుటకై నాలుకను కోసి శస్త్రచికిత్సలు చేసెను. వానివలన ప్రయోజనము కలుగలేదు.

మన యిండ్లలో వస కొమ్మును అరగదీసి శిశువు నాలుకకు రాయు వాడుక గలదు. ఎడతెగక మాటాడువానిని 'వసపిట్ట' యనుట ఈ నమ్మకమునకు చిహ్నమే. వస నత్తిని పోగొట్టునని నిరూపణ లేదు. పైగా వసలో నుండు ఒక ద్రవ్యము హానికరమని తేలుటచే 1968లో అమెరికా ప్రభుత్వము దానిని ఆహార పదార్థములలో వాడరాదని నిషేధించెను. పసిబిడ్డలకు దానిని ఇచ్చుట మానుట మేలు. నాలుక క్రింది నరమును కోయించుట, నాలుకపై వాత పెట్టుట, చెంపపై హఠాత్తుగా కొట్టుట మొదలగునవి బిడ్డకు బాధ కలిగించుట తప్ప వేరొక ఫలితమీయవు. నాలుక క్రింది పొర బిగువుగా నుండుట వేరు సమస్య. దానిని వైద్యుడు చూచి చెప్పవలెను. నత్తికి దానికి సంబంధము లేదు.

తీవ్రతను కొలుచు నాలుగు కొలతలు

'వానికి చాలా నత్తి', 'వీనికి కొంచెమే' అని మనము నోటి లెక్కగా చెప్పుదుము. ఒకనికి 'చాలా' యనిపించినది వేరొకనికి 'కొంచెము' కావచ్చును. చికిత్స మొదలిడుటకు ముందు తీవ్రత యెంతయో, ఆరు మాసముల పిదప యెంత తగ్గినదో తెలియవలెనన్న కొలత కావలెను. 1972లో గ్లిండన్ రైలీ యను అమెరికా పండితుడు ఇందుకొక సాధనమును సిద్ధపరచెను. అది పలుమారులు సవరింపబడి, 2009లో నాల్గవ కూర్పుగా వెలువడి, నేటికిని వాడుకలో నున్నది. అందలి ముఖ్య సూత్రములు ఎవరికైనను అర్థము కాదగినవి.

మొదటి కొలత: ఎన్ని మారులు? మాటాడిన అక్షరములలో నూటికెన్ని తడబడినవో లెక్కింతురు. ఈ పనికి మన తెలుగు లిపి మిక్కిలి అనుకూలము. మన అక్షరము చాలమట్టునకు పలుకునకు సరిపోవును. 'కోయిలకుంట్ల' యందు కో, యి, ల, కుం, ట్ల అని అయిదు పలుకులు. 'ఉయ్యాలవాడ' యందు ఉ, య్యా, ల, వా, డ అని అయిదు. సున్న వేరుగా లెక్కకు రాదు. ఒత్తు తన అక్షరముతోనే చేరును. 'కో-కో-కో-కోయిలకుంట్ల' అన్నచో తడబాటు ఒకటిగనే లెక్క, మూడుగా కాదు. ఒక బాలుడు 300 అక్షరముల మేర మాటాడి, అందు 21 చోట్ల తడబడెననుకొందము. నూటికి 7 వంతున తడబాటు కలదని తేలును. చిన్న పిల్లలలో నూరు అక్షరములకు మూడుగాని అంతకు మించిగాని నత్తి తరహా తడబాటులున్నచో దానిని నత్తిగా పరిగణించుట పరిశోధకులలో వాడుక.

రెండవ కొలత: ఎంతసేపు? మాట నిలిచిన సందర్భములలో అన్నిటికంటె దీర్ఘమైన మూడింటిని తీసికొని, వాని సగటును క్షణములలో కట్టుదురు. అరక్షణము నిలిచి సాగిపోవు తడబాటు వేరు, అయిదు క్షణములు ఊపిరి బిగబట్టిన స్తంభనము వేరు. రెండింటి సంఖ్య యొకటేయైనను బరువు ఒకటి కాదు.

మూడవ కొలత: శరీరమేమి చేయుచున్నది? మాటను బలవంతముగా వెలికి నెట్టు ప్రయత్నములో ఊపిరి శబ్దములు, ముఖము వికారముగా ముడుచుకొనుట, తల విదుల్చుట, చేతులు కాళ్లు ఆడించుట, తొడపై కొట్టుకొనుట మొదలగునవి చేరును. వీనిని నాలుగు తెగలుగా విభజించి, ఒక్కొక్క దానికి 0 మొదలు 5 వరకు అంకె వేయుదురు. వెదకిచూచినగాని తెలియనిది 1. చూపరుల దృష్టిని మాటనుండి మరల్చునది 3. చూచుటకే బాధ కలిగించునది 5. ఈ చేష్టలు పుట్టుకతో వచ్చినవి కావు. ఏదో యొకనాడు తల విదిల్చినప్పుడు మాట బయటపడెను. నాటినుండి అది అలవాటై, మాటను విడిపించు శక్తి పోయినను చేష్ట మాత్రము నిలిచిపోయెను.

నాల్గవ కొలత: మాట ఎంత సహజముగా వినబడుచున్నది? తడబాటు లేకున్నను ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొని యంత్రము వలె పలికినచో దానిని పూర్తి స్వస్థతగా నెంచరాదు.

ఒక జాగ్రత్త

నత్తి ప్రతిదినము ఒకే తీరుననుండదు. సోమవారము సాఫీగా మాటాడినవాడు మంగళవారము నోరు మెదపలేకపోవచ్చును. కావున ఒక్కనాటి పరీక్షతో తీర్పు చెప్పరాదు. ఇంటిలో, బడిలో, అంగడిలో వేరువేరు సమయములలో వినవలెను. ఫోనులో మాటాడునప్పుడు, అధికారి యెదుట నిలిచినప్పుడు, తన పేరు తాను చెప్పవలసినప్పుడు నత్తి పెరుగుట సాధారణము. ఇతర పదమునకు బదులు వేరొక పదము వాడవచ్చును గాని పేరునకు బదులు వేరొక పేరు చెప్పుట కుదురదు గదా!

దీనికి ఎదురుగా, పాట పాడునప్పుడు, నలుగురితో గొంతు కలిపి చదువునప్పుడు, ఒంటరిగా తనతో తాను మాటాడుకొనునప్పుడు నత్తి దాదాపు మాయమగును. చెక్కభజనలో అందరికంటె ఖంగున పాడువాడు, ఎద్దులను అదలించునప్పుడు ఒక్క పొల్లు తడబడనివాడు, తాసిల్దారు ముందు నిలువగానే మాట రాక నిలిచిపోవును. దీనిని చూచి గ్రామములలో 'పద్యము గుక్క తిప్పకుండ చదువును, ప్రశ్న వేసిన నటించును' అని కొందరందురు. ఇది గొప్ప అపచారము. రాగము, తాళము, ఇతరుల గొంతు మాటకు వెలుపలినుండి దారి చూపును. సంభాషణలో ఆ యూత యుండదు. పద్యము చదివించి నత్తి లేదని తేల్చిన ఉపాధ్యాయుడు కొలబద్దను తప్పుగా పట్టినవాడగును.

పైకి కనబడని భాగము

పైన చెప్పిన కొలతలన్నియు కంటికి చెవికి అందునవి. అమెరికా మనశ్శాస్త్రవేత్త జోసెఫ్ షీహన్ నత్తిని సముద్రములో తేలు మంచుకొండతో పోల్చెను. మంచుకొండలో నీటిపై కనబడునది కొద్ది భాగము. మిగిలినదంతయు నీటి క్రిందనే యుండును. నత్తిలో ఆ క్రింది భాగము సిగ్గు, భయము, తన్ను తాను నిందించుకొనుట, మాటాడవలసిన చోటునుండి తప్పించుకొనుట. ఈ భాగమును గూడ తెలిసికొనుటకై 2006లో యారస్, క్వెసాల్ అను నిపుణులు ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు నత్తి గలవానినే ప్రశ్నింతురు. నీ మాటను గూర్చి నీవేమనుకొందువు? ఎక్కడెక్కడ మాటాడుట మానుచున్నావు? నీ చదువునకు, పనికి, సంసారమునకు దానివలన కలుగు ఆటంకమెంత? ఈ జవాబులు లేనిదే తీవ్రత సంపూర్ణముగా తెలియదు.

భేదము స్పష్టపడుటకై ముగ్గురు వ్యక్తులను ఉదాహరణముగా కల్పించి చూపుచున్నాము.

మొదటిది అంగన్‌వాడీకి పోవు నాలుగేండ్ల బాలిక. నూటికి 8 అక్షరములు తడబడును. మూడు మాసములుగా నున్నది. 'నా-నా-నాకు' అని తేలికగా పలికి ఆటలో మునిగిపోవును. తన మాటలో ఏదో యున్నదని ఆమెకు తెలియదు. సంఖ్య పెద్దది, బాధ చిన్నది. ఈమె విషయములో తల్లిదండ్రులు కంగారుపడరాదు, ఏమరనురాదు. ఆరు మాసములలో తగ్గకున్నను, ఇంటిలో వేరొకరికి నత్తి యున్నను నిపుణునికి చూపవలెను.

రెండవవాడు ఎనిమిదవ తరగతి బాలుడు. నూటికి 5 అక్షరములు తడబడును. మొదటి బాలికకంటె సంఖ్య తక్కువయే. కాని మాట మూడు నాలుగు క్షణములు నిలిచిపోవును, కండ్లు మూసికొనును, తల వెనుకకు విదుల్చును. హాజరు పిలిచినప్పుడు పలుకలేక రెండు మారులు గైరుహాజరు వేయించుకొనెను. ఇది తీవ్రమైన నత్తి.

మూడవవాడు ఇరువదియారేండ్ల యువకుడు. వాని నత్తి నూటికి ఒకటికూడ నుండదు. ఇరుగు పొరుగువారికి ఆ సంగతియే తెలియదు. నంద్యాలలో బస్సెక్కినప్పుడు కండక్టరు 'యాడికబ్బా?' అని యడుగును. 'కోయిలకుంట్ల' యనుటకు కకారము వద్ద గొంతు బిగియునని వానికి ముందే తెలియును. కావున 'జమ్మలమడుగు' అని చెప్పి, అదనపు చార్జీ చెల్లించి, కోయిలకుంట్లలో దిగిపోవును. అంగడిలో కందిపప్పు కావలసియుండగా నోటికి వచ్చిన పెసరపప్పు కొని తెచ్చును. ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవుట మానెను. పెండ్లిచూపులను దాటవేయుచుండెను. అక్షరముల లెక్కలో వీనిది అతి స్వల్పమైన నత్తి. జీవితపు లెక్కలో ముగ్గురిలోను ఇదియే మిక్కిలి తీవ్రమైనది.

కావున తీవ్రత యనగా తడబాటుల సంఖ్య మాత్రమే కాదు. తడబాటుల సంఖ్య, వాని నిడివి, శరీరపు పెనుగులాట, జీవితములో కోల్పోయిన అవకాశములు, ఈ నాలుగును కలిపినదే తీవ్రత.

గద్దింపు చేయు హాని

1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఒక ప్రయోగము జరిగెను. అనాథాశ్రమములోని 22 మంది పిల్లలను తీసికొని, వారిలో కొందరిని 'మీ మాట బాగుగా లేదు, తడబడుచున్నారు' అని మాటిమాటికి మందలించిరి. వారిలో చక్కగా మాటాడు పిల్లలును ఉండిరి. అట్టివారు సైతము మాటాడుటకు జంకి, బడిలో నోరు విప్పుట తగ్గించిరి. 2001లో ఈ విషయము పత్రికలలో వెల్లడి కాగా విశ్వవిద్యాలయము క్షమాపణ చెప్పినది. గద్దింపు నత్తిని పుట్టింపకపోవచ్చును. మనిషిని మూగవానిని చేయుటకు మాత్రము అది చాలును. మన బడులలో ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టము, 2009, 17వ విభాగము శారీరక దండనమును, మానసిక హింసను నిషేధించినది. నత్తి గల పిల్లవానిని తరగతి యెదుట నిలిపి అనుకరించి నవ్వించుట ఆ హింసయే యగును.

చట్టము, ధ్రువపత్రము

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. అది 21 విధములైన వైకల్యములను గుర్తించినది. అందు మాటకు, భాషకు సంబంధించిన వైకల్యమొకటి. స్వరపేటికను తొలగించుట, మెదడు దెబ్బతిని మాట పోవుట మొదలగు శారీరక, నాడీ కారణములచే కలిగిన శాశ్వత వైకల్యమని దానిని నిర్వచించిరి. ఆ నిర్వచనములో నత్తి పేరు ప్రత్యేకముగా లేదు. నూటికి 40 వంతులు వైకల్యమున్నవారికే ఉద్యోగ రిజర్వేషను వంటి సౌకర్యములు వర్తించును. కావున నత్తి గల ప్రతివానికి ధ్రువపత్రము లభించునని పంచాయతీ సభ్యులు మాట యీయరాదు. నిర్ణయము వైద్యాధికారులది. అయినను ధ్రువపత్రము వేరు, మర్యాద వేరు. సభలో ఒక నిమిషము ఓపికగా వినుటకు ఏ ధ్రువపత్రమును అక్కరలేదు.

చికిత్స యేమి కలదు?

నత్తిని పూర్తిగా మాన్పు మందు ఇంతవరకు లేదు. మాట చికిత్స కలదు. అది ఎంత చిన్న వయసున ప్రారంభమైన అంత మేలు. ఆరేండ్ల లోపు పిల్లలకు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రూపొందిన లిడ్‌కోమ్ పద్ధతి ప్రసిద్ధమైనది. ఇందు నిపుణుని పర్యవేక్షణలో తల్లియో తండ్రియో ఇంటిలోనే బిడ్డకు చికిత్స చేయుదురు. సాఫీగా పలికిన మాటను మెచ్చుకొనుట దీనిలో ప్రధానము. తల్లి ప్రతిదినము సాయంకాలము ఆనాటి నత్తికి 0 మొదలు 9 వరకు ఒక అంకె వేయును. నత్తి లేనిది 0, అత్యంత తీవ్రమైనది 9. చదువు అంతగా రాని తల్లియు క్యాలెండరుపై ఈ అంకెను వ్రాయగలదు. నెల తిరుగునప్పటికి బిడ్డ పురోగతి క్యాలెండరు మీదనే కనబడును.

పెద్దవారికి మాటను మెల్లగా సాగదీసి ఆరంభించుట, పెనుగులాట లేకుండ తేలికగా తడబడుట, భయపడి తప్పుకొన్న చోట్లకు క్రమముగా తిరిగి పోవుట నేర్పుదురు. ఇట్టి చికిత్స నత్తిని తుడిచివేయకపోవచ్చును, దాని పెత్తనమును తగ్గించును. 2008లో ప్రారంభమైన భారత స్టామరింగ్ అసోసియేషన్ వంటి స్వయంసహాయ సంఘములలో నత్తి గలవారే ఒకరికొకరు తోడై అభ్యాసము చేయుచున్నారు.

గ్రామమునుండి దారి ఇట్లు పోవును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు సంవత్సరమునకు రెండు మారులు, ప్రభుత్వ పాఠశాలలకు ఒక మారు వచ్చి పిల్లలను పరీక్షింపవలసియున్నది. నత్తి గల బిడ్డను ఆ బృందమునకు చూపి, జిల్లాలోని సత్వర చికిత్స కేంద్రమునకు పంపుమని కోరవచ్చును. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు విభాగము కలదు. సికిందరాబాదులో ఆలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమును, మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయు ఈ రంగమున పేరుగన్నవి. నేడు వీడియో కాల్ ద్వారా చికిత్స సాగించు పద్ధతియు వచ్చుటచే, దూరాభారము కొంత తగ్గినది.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఒకటి. ఊరిలో మనుష్యులను వారి లోపముతో గుర్తించు వాడుక కలదు. పేరునకు ముందు 'నత్తి' చేర్చి పిలుతురు. సభలోగాని, తీర్మానముల పుస్తకములోగాని ఆ మాట రానీయకుడు. సర్పంచి అసలు పేరుతో గౌరవముగా పిలిచినచో ఊరు క్రమముగా నేర్చుకొనును.

రెండు. నత్తి గలవాడు మాటాడునప్పుడు అతని మాటను మీరు పూర్తి చేయకుడు. 'నిదానముగా చెప్పు', 'ఊపిరి పీల్చుకో' అని సలహాలీయకుడు. చూపు తిప్పుకొనక, తొందరపెట్టక, చెప్పిన విషయమునకు జవాబు చెప్పుడు.

మూడు. గ్రామసభలో అర్జీని వ్రాసి యిచ్చుటకును, వేరొకరిచే చదివించుటకును అవకాశముండునని ముందే ప్రకటింపుడు. అయితే అతడు స్వయముగా మాటాడగోరినచో మాటాడనీయవలెను. ప్రమాణ స్వీకారమున సభ్యుడు కోరినచో మరొకరు అతనితో గొంతు కలిపి చదివిన తడబాటు తగ్గును.

నాలుగు. పాఠశాల తల్లిదండ్రుల సమావేశములలో ఉపాధ్యాయులతో ఈ విషయము చర్చింపుడు. హాజరునకు చేయెత్తినను చాలుననియు, పాఠము చదువునప్పుడు జంటగా చదివింపవచ్చుననియు సూచింపుడు. మౌఖిక ప్రశ్నకు జవాబు రాకున్న తెలియదని మార్కులు తగ్గింపక, వ్రాసి చూపుటకు అవకాశమీయవలెను.

ఐదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు పైన చెప్పిన గుర్తులను తెలియజేయుడు. కాని నత్తి గలవారి పట్టికను తయారు చేసి సభలో చదువరాదు. సంగతి ఇంటివారికి ఏకాంతమున చెప్పవలసినది.

ఆరు. సాక్ష్యము చెప్పునప్పుడు తడబడిన ప్రతివాడు అబద్ధమాడుచున్నాడని తలచకుడు. మాట ఆగుటకు, సత్యము దాచుటకు సంబంధము లేదు. ఈ యొక్క సంగతి గుర్తుంచుకొనిన చాలు, ఎన్నో తగవులలో అన్యాయము తప్పును.

నత్తి యున్నవాడు నాయకత్వమునకు పనికిరాడను మాటకు చరిత్రయే సమాధానము. ఇంగ్లండు రాజు ఆరవ జార్జి నత్తితో బాధపడుచునే, లయొనెల్ లోగ్ అను ఆస్ట్రేలియా మాట చికిత్సకుని సాయముతో అభ్యసించి, 1939 సెప్టెంబరు 3న యుద్ధవార్తను రేడియోలో ప్రజలకు వినిపించెను. 1957లో కేరళ రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాద్ నత్తి గలవారు. ఆయన జీవితాంతము నత్తితోనే సభలలో మాటాడిరి, ప్రజలు కూర్చుండి వినిరి.

వినుటకు సిద్ధపడిన సభ యున్నచోట నత్తి పరిపాలనమునకు అడ్డు కాదు. రాబోవు గ్రామసభలో వెనుక వరుసనుండి ఎవరైనను లేచి, మొదటి యక్షరము వద్ద ఆగిపోయినచో, అధ్యక్షుడు 'ఇంకెవరైన?' అని ముందుకు సాగక, కొన్ని క్షణములు ఆగవలెను. నీరు రాని కుళాయి ఏ వీధిలో నున్నదో చెప్పగలిగినవాడు అతడే కావచ్చును.